సన్నటి రంధ్రం
జోలీన్ గిన్నెలు తోముతుండగా తండ్రి ఆర్విల్ షెడ్డులోంచి బండి తాళంచెవితో వచ్చాడు. పాత మోటారుసైకిల్ కార్బ్యురేటర్లు నాలుగూ ఆయనే విప్పి, కడిగి, బిగించాడు. అయినా ఒక పొగగొట్టం నల్లపొగ కక్కుతూనే ఉంది.

“నా చేతుల్లో పనితనం పోయిందే అమ్మాయ్. బాగుచేయమని బండి ఆ మెకానిక్ రాయిస్‌కి ఇచ్చేస్తా. వెధవ నవ్వుతాడు, నవ్వనీ.”

జోలీన్ చేతిలో పళ్లెం ఆగిపోయింది. సాయం చేద్దామని ఆయన చూడకుండా, ఒక కార్బ్యురేటర్‌లో పెట్రోలు పారే సన్నటి జెట్టు మూసుకుపోతే, అందులో తీగ దూర్చి తిప్పింది తనే. గాలి ఊదాలే తప్ప తీగ పెట్టకూడదనీ, రంధ్రం వెంట్రుకంత పెరిగినా పెట్రోలు ఎక్కువ పారుతుందనీ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో! మూడు రోజులుగా తను చేసిన పని ఆయనకు చెప్పనే లేదు.

“నాన్నా, అందులో తీగ పెట్టింది నేనే.”

ఆర్విల్ ఆమె వైపు చూశాడు. రాయిస్ దగ్గరకు పోవడం మాని, తాళంచెవి మేకుకు తగిలించి, ఇంట్లోంచి షెడ్డు వైపు వెళ్లిపోయాడు.