పోతుపందికి ఒక పూట విరేచనం

థువాన్‌ది పోతుపందిని ఇల్లిల్లూ తిప్పే పని. కాలువ వెంట ఏ ఊళ్ళో పంది ఎదకొచ్చినా అతనికే కబురొస్తుంది. మాట తక్కువ మనిషి.

బుధవారం పొద్దున పోతు నీళ్ళగా పేడ వేసింది. మధ్యాహ్నానికల్లా తవుడంతా నాకేసింది. ఏమీ లేదులే అనుకుని మర్నాడు దాన్ని చెల్లెలు ఉత్ ఇంటికి తోలుకెళ్ళాడు. అక్కడ చిన్నపంది ఎద మీదుంది. పక్క దొడ్లో పెద్దపంది మూడు రోజుల కిందట ఈని, పదకొండు పిల్లలతో పడుకుంది.

“నీకంటే నీ పోతుపందే నయమన్నా! వస్తూనే పలకరిస్తుంది” అంది ఉత్. “రా, నీ మనవల్ని ఎత్తుకో.”

పోతును తోలేవాడు దాని పిల్లల్ని ఒక్కొక్కటీ ఎత్తి దించాలి. అప్పుడే వాటికి కాళ్ళు నిలుస్తాయని ఆ కాలువవాళ్ళ నమ్మకం. పోతు వీపు నిమిరిన చేత్తోనే థువాన్ పదకొండింటినీ ఎత్తాడు.

శుక్రవారం సాయంత్రానికి పిల్లలు పాలు కక్కాయి. తోకల కింద పసుపు నీళ్ళు. ఆదివారానికి ఎనిమిది పోయాయి. కబురు తెలిసి థువాన్ వచ్చేసరికి పశువుల డాక్టరమ్మ హియెన్ అక్కడే ఉంది.

“బయటి పంది ఏదైనా వచ్చిందా?”

“మా అన్న పోతొక్కటే. అది గుండ్రాయిలా ఉందమ్మా!” అంది ఉత్.

“ఉంటుందక్కా. ఎదిగిన పందికి పేగు గోడే కాపలా. కంటికి కనపడని రోగపు పురుగు దూరిన చోట పేగే కేకేస్తుంది. చుట్టుపక్కలంతా తలుపులు బిగించేసుకుంటుంది. అందుకే దానికి ఒక పూట విరేచనంతో సరి. పేడలో మాత్రం పురుగు బయటికి పోతూనే ఉంటుంది. మూడు రోజుల పిల్లకి ఆ కేకేసే బలం ఇంకా రాదు.”

థువాన్ తన చేతుల వంక చూసుకున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

“బుధవారం పోతుకు పారింది” అన్నాడు.

మిగిలిన మూడింటిలో ఒకటి లేవబోయి బోర్లా పడింది. అతను అలవాటుగా వంగాడు.

“ముట్టుకోకన్నా” అంది ఉత్.

తిట్టినా బాగుండేది. గడప దగ్గర సున్నపు నీళ్ళలో మోచేతుల దాకా కడుక్కుని ఇల్లు చేరాడు. పోతు అతన్ని చూసి హుషారుగా గుర్రుమంది. అవతలి ఊరివాళ్ళు రేపు రమ్మని కబురు పెట్టారు. తోలుకెళ్ళే కర్రను విరిచి పొయ్యిలో పెట్టాడు.