వెనక వరుస పిల్ల

వాలీబాల్ ప్రాక్టీసుకు బయల్దేరేముందు అన్న ఎఫ్రేన్ బట్టలు మడిచి అతని గదిలో పెట్టి రావాలి. యాదీరాకు తొమ్మిదో ఏటి నుంచీ ఉన్న పని అది. "వాడు అలిసిపోయి వస్తాడే" అనేది అమ్మ ఒబ్దూలియా. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ ఊరి మాంసం ఫ్యాక్టరీలో ఆమె కూడా కొడుకు పక్కనే ఎనిమిది గంటలు కత్తి పట్టుకుని నిలబడి వచ్చేది. ఆ అలసటను మాత్రం ఆ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు.

స్కూలు వాలీబాల్ జట్టులో యాదీరాది వెనక వరుస. బంతి తన వైపు వస్తే "నాది" అని అరవాలి. పదిహేనేళ్ళ ఆ పిల్లకు పెదవులు కదిలేవే గాని మాట పెగిలేది కాదు. బంతి ఆమెకూ పక్కన ఆడే ట్రూడీకీ మధ్య నేలపాలయ్యేది. కోడికూరలో తొడ ముక్క కూడా ఇది నాదని ఎన్నడూ అనని పిల్ల, ఊరంతా చూస్తుంటే ఎలా అంటుంది?

కోచ్ విసుక్కుంది. ట్రూడీ విసుక్కోలేదు. రోజూ ఆట అయ్యాక మొక్కజొన్న చేల పక్కకు లాక్కెళ్ళి బంతులు విసిరేది.

"అనకపోతే ముక్కు పగలగొడతా. ఇక్కడ వినడానికి ఎవరున్నారే?"

నాలుగో రోజు ఆ మాట బొంగురుగా బయటికొచ్చింది. ఇద్దరూ చేను గట్టున కూలబడి నవ్వారు. అక్టోబరు వచ్చేసరికి యాదీరా ఉన్న చోట బంతి నేల తాకడమే అరుదైపోయింది.

జిల్లా ఫైనల్, ఎఫ్రేన్ పుట్టినరోజు ఒకే శనివారం పడ్డాయి. మోకాళ్ళు గీరుకుపోయేట్టు పడుతూ అరిచే ఆట ఆడపిల్లకెందుకన్నాడు నాన్న. మొక్కజొన్న పొత్తు రేకుల్లో పిండీ మాంసమూ పెట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలు, రెండు వందలు ఒక్కదాన్నే ఎలా చుట్టనంది అమ్మ.

"నాన్న లేడా? అన్న లేడా?" అంది యాదీరా. వినరాని మాట విన్నట్టు చూసింది అమ్మ.

యాదీరా ఆటకు వెళ్ళింది. గెలిచారు. జనం తన పేరు పెట్టి అరుస్తుంటే ఎవరినో పిలుస్తున్నారనుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో మగవాళ్ళు తింటున్నారు. వంటగదిలో అమ్మ కుర్చీలో వాలి ఉంది. కుడి మణికట్టు ఉబ్బిపోయి ఉంది. రెండు వందలూ ఆమె ఒక్కతే చుట్టింది. తను తీసుకున్న ఒక్క రోజునూ వీళ్ళు అమ్మ చేతిలోంచే వసూలు చేశారని యాదీరాకు అర్థమైంది. మొదట సిగ్గేసింది. తర్వాత, ఆ సిగ్గు తనది కాదనిపించింది.

గుడ్డలో మంచు ముక్కలు చుట్టి అమ్మ మణికట్టు మీద పెట్టింది.

"గెలిచాం."

"నీ మొహమే చెప్తోందిలే," అంది అమ్మ, అవతలికి వినపడకుండా.

ముందుగదిలోంచి ఎఫ్రేన్ ఇంకో ప్లేటు తెమ్మని కేకేశాడు. అమ్మ లేవబోయింది. యాదీరా ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇల్లంతా వినబడేట్టు అంది:

"అమ్మ లేవదు. కావాలంటే నువ్వే రా."

ఒబ్దూలియా బెదురుగా గుమ్మం వైపు చూసింది. కానీ లేవలేదు.