పసుపు దారం కట్టిన సైకిలు

నాలుగో మలుపులో కామేశ్ సైకిలు మీంచి లోయలోకి పడ్డాడు. ఐదో మలుపు వచ్చినా ఇంకా పడుతూనే ఉన్నాడు.

నూకరాజు ఎడమకి చూస్తే కనిపిస్తున్నాడు. కాఫీ తోటల మధ్య దిగే కాలిబాటకి పాతిక అడుగుల అవతల, ఖాళీ గాలిలో, మిగతా ముగ్గురితో సమానంగా కిందికి వస్తున్నాడు. సైకిలు మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు, కింద సైకిలు లేదు. రెండు చేతులూ లేని బ్రేకుల్ని నొక్కుతున్నాయి.

సైకిలు మాత్రం బాట వదల్లేదు. ముందు హారిక, తర్వాత సన్యాసిరావు, మూడోది కామేశ్ సైకిలు, చివర నూకరాజు. పొద్దున కొండ మీద అనుకున్న వరస అదే. సైకిలు దాన్ని పాటిస్తోంది. మలుపు రాగానే, మనిషి ఉన్నట్టే, లోపలికి ఒరుగుతోంది.

నూకరాజు తన బ్రేకు నొక్కుతాడు. చక్రం ఆగుతుంది. బాట ఆగదు. ఎవరో కింద నుంచి చాప లాగుతున్నట్టు బాటే జారుతూ ముగ్గుర్నీ తీసుకుపోతుంది.

ఐదో మలుపులో ఒకాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. బల్ల మీద గ్లాసు నిండా టీ. పక్కన తెల్లరాయి మీద ‘ఇంకా మూడు మలుపులు’ అని రాసి ఉంది.

ఆగలేని వాళ్లని ఆయన ఆగమనడు. మలుపుకో ప్రశ్న చొప్పున అడుగుతాడు. కామేశ్ సైకిలుకి బ్రేకులు ఎవరు చూశారని ఇప్పుడు అడిగాడు. తప్పు జవాబు వస్తే వాలు పెరుగుతుందనీ, గాలిలో ఉన్న మనిషి దూరమవుతాడనీ కూడా చెప్పి, ఒక గుక్క టీ తాగాడు.

ఈ నలుగురికీ ఒక నియమం ఉంది. ఎవరి బ్రేకులు వాళ్లు చూసుకోకూడదు. సొంత సైకిలుని మనిషి ఊరికే నమ్మేస్తాడని ఆరేళ్ల కిందట హారిక పెట్టిన నియమం. కొండ మీద చీటీలు తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ల బ్రేకులు బిగించి, హ్యాండిల్‌కి తమ రంగు దారం కట్టాలి. దారం ఉంటే బ్రేకులు చూసినట్టే. ఆ పైన మళ్లీ అడగడమంటే ఆ మనిషిని అవమానించడమే.

కామేశ్ సైకిలుకి ఉన్నది పసుపు దారం. పసుపు నూకరాజుది.

హారిక వెనక్కి తిరగకుండానే ఆయనకి చెబుతుంది. దారం ఉంది కాబట్టి నూకరాజు చూశాడనీ, తప్పు కామేశ్‌దేననీ, ఎంత చెప్పినా దూకుడు తగ్గించుకోడనీ.

తర్వాతి మలుపు రాయి మీద ‘ఇంకా ఏడు’ అని ఉంది. అదే బల్ల, అదే మనిషి, గ్లాసులో టీ తగ్గింది. కామేశ్ చొక్కా గుండీలు ఇప్పుడు కనబడడం లేదు.

సన్యాసిరావు పోర్టులో క్రేను నడుపుతాడు, ఎవరి బరువైనా తనే ఎత్తాలనుకునే మనిషి. “నాదే తప్పు, రాసీండి. ఆడికి పాత బ్రేకు రబ్బర్లిచ్చింది నానే,” అంటాడు. అతనివ్వలేదని నూకరాజుకి తెలుసు. అవి కొత్తవి. తనూ కామేశూ కలిసే కొన్నారు.

‘ఇంకా పదిహేను.’ కామేశ్ ముఖం వేలిగోరంత అయిపోయింది.

“నూకరాజు గారూ, మీరు చూశారా?”

చూశానని చెప్పేస్తాడు. వాలు అయిపోతే కామేశ్ నేలకి తగులుతాడు, అబద్ధం ఉన్నంతసేపూ గాలిలోనైనా ఉంటాడు కదా అని తనకి తను సర్ది చెప్పుకుంటాడు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో గమనించి లోయ మీంచి చూపు తిప్పుకుంటాడు.

పొద్దున జరిగింది ఇంతే. మంచు విడిపోతోంది, ఆ మెత్తటి వెలుతురు పోకముందే నాలుగు దారాలతో ఫొటో తీద్దామని హారిక తొందరపెట్టింది. నూకరాజు ఫొటో కోసం ముందు దారం కట్టేశాడు. బ్రేకులు ఫొటో అయ్యాక చూద్దామనుకున్నాడు. ఫొటో బాగా వచ్చింది. అది చూసి నవ్వుకుంటూ నలుగురూ దిగడం మొదలుపెట్టారు.

తర్వాతి రాయి మీద అంకె పట్టక పక్క రాయి మీదికి పాకింది. గ్లాసులో ఒక్క గుక్కే మిగిలింది. లోయలో కామేశ్ ఒక చుక్క.

హారిక మొదటిసారి వెనక్కి తిరుగుతుంది. ఆమె ముఖంలో భయం లేదు.

“ఒరే, మనం ముగ్గురమే కదా వచ్చాం? మధ్యలో ఆ ఖాళీ సైకిలు ఎవరిది?”

సన్యాసిరావు కూడా దాన్ని వింతగా చూస్తాడు. “ఏటోరా, నానూ అదే అనుకుంతన్నాను. ఎవుడో ఒగ్గేసుంతాడు.”

నూకరాజు సమాధానం చెప్పబోతాడు. పేరులో మొదటి అక్షరం ‘కా’ అని గుర్తుంది. తర్వాతది గుర్తు రావడం లేదు.

తొక్కి దాని పక్కకి చేరి, వంగి ఆ సైకిలు హ్యాండిల్ పట్టుకుంటాడు. పొద్దున చెయ్యవలసిన పని ఇప్పుడు చేస్తాడు. బ్రేకు నొక్కుతాడు. అది వేళ్ల కింద మెత్తగా, ఉడికిన వంకాయలా, హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. పొద్దున ఒక్కసారి నొక్కి ఉంటే తెలిసిపోయేది.

బల్ల దగ్గరపడుతోంది. ఆయన గ్లాసు ఎత్తాడు.

“నేను చూడలేదు,” అంటాడు నూకరాజు. “దారం ముందే కట్టేశాను.”

గ్లాసు పెదాల దగ్గర ఆగుతుంది. “‘నేను’ అంటే చాలదండీ. లోయలో ఆయన కూడా తనని తను ‘నేను’ అనే అనుకుంటున్నాడు. ఎవరిని రాయను?”

నూకరాజు ఆయన వైపు చూడడు. చుక్క వైపు తిరుగుతాడు. పేరులో మిగతా అక్షరాలు ఇప్పుడు నోటికొస్తాయి. చెప్పాక నేల ఎంత దూరంలో ఉంటుందో అతనికి తెలియదు. అయినా లోయంతా వినబడేలా చెబుతాడు.

“నూకరాజు. కామేశ్ బ్రేకులు చూడంది నూకరాజు.”

అతని చేతిలో బ్రేకు బిగుసుకుంటుంది. కొండ ఆగుతుంది. కాఫీ మొక్కలన్నీ ఒక్కసారి ముందుకి తూలి నిలబడతాయి. లోయ మధ్యలో, కింద ఏమీ లేని చోట, కామేశ్ కూడా ఆగి, సైకిలు ఆపినవాడిలా ఎడమ కాలు కింద పెడతాడు. ఆ కాలి దగ్గర, గాలిలోంచి, ఎర్రగా దుమ్ము లేస్తుంది.