మంగళవారం పేపరు

గుమ్మంలో నీడ పడితే ఫ్రేముల అమ్మాయి తలెత్తి చూసింది. ముప్పై దాటి, ఎనిమిదేళ్ళ కూతురున్నా, వీధికి ఆమె ఇంకా ఫ్రేముల అమ్మాయే. దుకాణం తండ్రిది. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయాక ఆమె చేతికొచ్చింది.

వచ్చినాయన్ని అందరూ ముందుచూపాయన అంటారు. మబ్బు పట్టకముందే గొడుగు బయటికి తీస్తాడు. పదింటి రైలుకి ఎనిమిదింటికే స్టేషన్లో కూచుంటాడు. ఎవరింట్లో ఏ పనున్నా అడక్కముందే కుర్చీలు దింపిస్తాడు. ఆ పేరంటే ఆయనకీ ముద్దే. ఇవాళ చంకలో దుప్పటి చుట్టిన పెద్ద ఫ్రేముతో వచ్చాడు.

"అద్దం పగిలిందమ్మాయ్, పోలీసుల పుణ్యమా అని. నిన్న డిపోతోపాటు ఇల్లూ కొలుస్తామని వచ్చారు. టేపు పట్టుకున్న కానిస్టేబులు వెనక్కి నడిచి నడిచి మా అన్నయ్య మీద పడ్డాడు."

ఆమె నవ్వింది. దుప్పటి విప్పితే నల్లటి చట్రంలోంచి అన్నగారు పగుళ్ళ మధ్య నుంచి చూస్తున్నాడు.

ఆ అన్నగారిది కలప డిపో. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక గురువారం సాయంత్రం డిపో ఆఫీసు గదిలో ఇనపకడ్డీతో ఆయన తల పగలగొట్టారు. మొదట చూసింది కారు డ్రైవరు. లేపబోయి బట్టలన్నీ నెత్తురు చేసుకున్నాడు. ఆ నెత్తురే అతనికి యావజ్జీవం తెచ్చిపెట్టింది. డిపో తమ్ముడి చేతికొచ్చింది. "నేను కాదు బాబో" అని డ్రైవరు జైల్లోంచి రాసిన అర్జీలు ఇన్నేళ్ళకి ఎవరి చెవినో పడి, కేసు మళ్ళీ తెరిచారు. అప్పట్లో వీధి పిల్లలంతా డ్రైవరింటి మీద రాళ్ళేస్తే ఫ్రేముల అమ్మాయీ ఒకటి విసిరింది. అది కిటికీకి తగిలిన చప్పుడు ఈ పదిరోజులుగా ఆమెకి మళ్ళీ వినబడుతోంది.

"సాయంత్రం పంపిస్తాను బాబాయ్ గారూ."

"నాలుగింటికి ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ వస్తానంది. అప్పటికి గోడ మీదుండాలి. ఖాళీ మేకు చూస్తే మా వదిన ముద్ద ముట్టదు. నా సంగతి తెలుసుగా, చేయించుకునే కదుల్తాను." స్టూలు లాక్కుని బల్లకి ఎదురుగా కూచున్నాడు.

ఆమె ఫ్రేముని బోర్లా పడుకోబెట్టింది. వెనక గోధుమరంగు కాగితం ఎండుటాకులా పెళపెళలాడింది. బ్లేడుతో చుట్టూ కోసి ఒలిచేసింది. దాని కింద అట్ట కనబడకుండా ఒక న్యూస్‌పేపరు మడత. తండ్రి పనితనం. పేపరు మడత లేకుండా ఆయన ఏ ఫ్రేమూ మూసేవాడు కాదు.

పేపరు పై అంచు ఆమె వైపే ఉంది. అలవాటుగా తారీకు చదివింది. మంగళవారం.

చదివి, చిన్న మేకులు పీకడం మొదలుపెట్టింది. మూడో మేకు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఫోటోలో ఆయన చనిపోయింది గురువారం. అది ఆమె మరిచిపోయే రోజు కాదు. మర్నాడు లెక్కల పరీక్ష ఉండాలి, హత్య జరిగిందని బడి మూసేశారు. ఆ నెల, ఆ ఏడు, ఈ పేపరు మీద ఉన్నవే. తారీకులో మాత్రం రెండు రోజుల తేడా.

పాత పేపరేమో అనుకోవడానికి లేదు. ఈ దుకాణంలో నిన్నటి పేపరు ఏనాడూ లేదు. పొద్దున్నే తండ్రి పేపరు చదివి, పదాల పజిల్ నీలం సిరాతో నింపి, మధ్యాహ్నం దాన్ని పనికి వాడేవాడు. మిగిలిందేదైనా సాయంత్రానికల్లా పక్క కొట్టువాడు పొట్లాలకి పట్టుకుపోయేవాడు. ఇదిగో, మడత మీదే పజిల్ ఉంది. పక్కకి వాలిన ఆ అక్షరాలు నాన్నవి.

ఆసుపత్రి నుంచి శవం ఇంటికి వచ్చేసరికి తలాపున ఫోటో సిద్ధంగా ఉందని, అంత దుఃఖంలోనూ తమ్ముడు ఒక్క పూటలో కట్టించాడని, ముందుచూపంటే అదీ అని వీధి వీధంతా మెచ్చుకుంది. ఆ పేరు పుట్టిందే అప్పుడు.

మనిషి ఇంకా తిరుగుతుండగానే, పోయినవాళ్ళకి వేసే నల్ల ఫ్రేము కట్టించాడు.

తలెత్తితే మొహంలో కనబడిపోతుందేమోనని ఎత్తలేదు.

"ఏమ్మాయ్, మేకుతో మాట్లాడుతున్నావా?"

"తుప్పు పట్టింది బాబాయ్ గారూ. రావట్లేదు."

మేకులన్నీ పీకి, పేపరు మడతని బోర్లా తిప్పి పక్కన పెట్టింది. అట్ట ఎత్తితే ఫోటో కూడా కలిసే వచ్చింది, అంచులు అతికించి ఉన్నాయి. పగిలిన ముక్కలు బుట్టలో పడేసి, కొత్త అద్దం మీద కోత గీసింది. ఎప్పుడూ ఒక్క గీతకే తెగే అద్దం ఇవాళ మూడు గీతలకి తెగింది. దాన్ని చట్రంలో దింపి, ఫోటో అట్ట వేసి మేకులు కొట్టింది.

"ఒక్క అద్దానికి మూడు గీతలా! పొద్దున ఏం తిన్లేదా?"

"పిల్లని బడికి పంపే హడావిడిలో..."

ఆయన మెడ సాచాడు. "అదేంటి, పాత పేపరా? ఇలా ఇయ్యి. అప్పట్లో ఏ సినిమాలు ఆడాయో చూద్దాం. మనకి కాలక్షేపమవుతుంది."

బల్ల మీదుగా చెయ్యి వచ్చింది. వెడల్పాటి చెయ్యి, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు.

అప్పుడే లోపలి గది తెర దగ్గర మేకుల డబ్బా భళ్ళున పడింది. వేల మేకులు బండల మీద నలుదిక్కులా పారాయి. తెర పట్టుకుని తండ్రి నిలబడి ఉన్నాడు, ఒక భుజం వాలిపోయి.

"చూసుకోవద్దూ మేస్త్రీ!" అంటూ ముందుచూపాయన కాళ్ళు పైకి లాక్కుని అటు తిరిగాడు.

ఆయన మళ్ళీ ఇటు తిరిగేలోగా పేపరు అట్ట మీదికి ఎక్కింది, దాని మీద కొత్త గోధుమ కాగితం, నాలుగు వైపులా జిగురు. ఆమె అరచేత్తో అదిమి అదిమి రుద్దుతోంది.

"అయ్యో, మూసేశావా?"

"చివికిపోయింది బాబాయ్ గారూ. చేత్తో పట్టుకుంటే పొడి."

ఆయన ఆమెని చూశాడు. తెర దగ్గర తండ్రిని చూశాడు. తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. మళ్ళీ ఆమెని చూశాడు.

"నీ కూతురు ఏ బడి అన్నావు?" అన్నాడు ఫ్రేముకి దుప్పటి చుడుతూ. "పైసందు మీంచి వస్తుందా, కాలవ గట్టు మీంచా? ఒక్కతేనా?" నవ్వాడు. "కార్లూ బళ్ళూ ఎక్కువయ్యాయి తల్లీ. మనమే ముందు చూసుకోవాలి."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత వెనక్కి వచ్చి ఆయన వదిలిన స్టూలు మీద కూచుంది. దానికింకా ఆయన ఒంటి వేడి ఉంది. గభాల్న లేచి నిలబడింది.

"నాన్నా, నీకు తెలుసు."

తండ్రికి మాట ముద్దగా వస్తుంది, ఒక్కొక్కటీ తవ్వి తీసినట్టు. "మంగళవారం... ఇచ్చాడు. నలుపు... ఎందుకయ్యా అంటే... మా ఇంట్లో అన్నీ నలుపే అన్నాడు. బుధవారం... పట్టుకెళ్ళాడు. శుక్రవారం... తెలిసింది నాకు."

"తెలిసి ఊరుకున్నావా? ఆ డ్రైవరుకి కూడా పిల్లలున్నారు కదా నాన్నా."

"శనివారం వచ్చాడు. నువ్వు... ఇక్కడే... హోంవర్కు. నీ తల నిమిరాడు. ఏ దారిన... వస్తావమ్మా బడి నుంచి... అన్నాడు." తండ్రి కంటి కింద నీరు జారింది, తుడుచుకోలేదు. "అంతే. ఇంకేం... అన్లేదు."

ఆమెకి కోపం రావాలి. రాలేదు. ఇప్పుడే తన చెవులతో విన్న మాట అది. పంతొమ్మిదేళ్ళు నాన్న నోరు కుట్టేసిన మాట. తను కూడా నోరు మూసుకుంటే ఇవాళ గడిచిపోతుంది. రేపు? రోజూ మూడున్నరకి గడియారం చూసుకుంటూ, కూతురు గుమ్మంలోకి వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని, ఎన్నేళ్ళు? అక్కడ డ్రైవరు ఇంకెన్నేళ్ళు?

పైగా ఆయన ముందుచూపు మనిషి. ఇంటికి వెళ్ళేలోపే ఆలోచిస్తాడు.

షట్టరు దించింది. తండ్రితో ఆటో ఎక్కి నేరుగా బడికి పోనిమ్మంది. ఒంట్లో బాగాలేదని చెప్పి పిల్లని క్లాసులోంచి తీసుకొచ్చేదాకా ఆమె కళ్ళు కాలవ గట్టు వైపే ఉన్నాయి. అక్కడెవరూ లేరు. ఉన్నట్టే ఉంది.

"ఎవరికి బాగాలేదు?" అంది పిల్ల.

"నాకే."

వివరం తెలిసినవాళ్ళు ఫోన్ చెయ్యమని కానిస్టేబుళ్ళు కొట్టుకొట్టుకీ పంచిన కాగితం పర్సులో ఉంది. బడి గేటు దగ్గరే నిలబడి నంబరు నొక్కింది. ఇన్‌స్పెక్టరమ్మ అడ్డు రాకుండా చివరిదాకా విని, "ముందు మీరు ఆ ఇంట్లోకి పోవద్దు. గేటు బయట ఉండండి. నాతో కలిసే లోపలికి రండి" అంది.

నాలుగింటికి హాల్లో ఫోటో గోడ మీద ఉంది. కొత్త అద్దంలో కిటికీ వెలుగు. ఇన్‌స్పెక్టరమ్మ వెనక ఫ్రేముల అమ్మాయిని, మేస్త్రీని, పిల్లని చూసి ముందుచూపాయన కనుబొమలు పైకి లేచి మళ్ళీ సర్దుకున్నాయి.

"ఈ ఫోటో ఎప్పుడు కట్టించారు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"అన్నయ్య పోయిన మర్నాడు, శుక్రవారం. వీధంతా సాక్ష్యం."

"ఒక్క పూటలో కట్టించాడమ్మా," అంది వదినగారు. "నాకు ఒంటి మీద స్పృహే లేదు. అన్నీ మా మరిదే చూసుకున్నాడు."

కానిస్టేబులు, ఈసారి జాగ్రత్తగా, ఫ్రేము దించి వెనక్కి తిప్పాడు. గోధుమ కాగితం అడ్డంగా కోసి ఉంది. లోపల ఉత్త అట్ట. పేపరు లేదు.

ఫ్రేముల అమ్మాయి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఎవరు కోశారిది?"

"పాత కాగితం కదా, చిరిగి ఉంటుంది," అన్నాడు ఆయన తొణక్కుండా.

"పాతది కాదు." అంది ఫ్రేముల అమ్మాయి. "ఇవాళ మధ్యాహ్నం నేనే అతికించాను. ముట్టుకుని చూడండి, జిగురింకా పచ్చిగానే ఉంది."

వదినగారు మరిది వైపు తిరిగింది. "ఇందాక వంటింట్లో ఏదో కాల్చావు కదయ్యా. చెదపట్టిన కాగితమన్నావు."

"చెదే వదినా. ఫ్రేముకి పట్టకుండా ముందే..."

"అయితే పేపరు లేనట్టే," అంది ఇన్‌స్పెక్టరమ్మ, ఆయన్నే చూస్తూ.

"ఏ పేపరు?" అన్నాడాయన.

అప్పుడు తండ్రి ఎడమచెయ్యెత్తాడు. "రెండో... మడత," అన్నాడు.

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. దుకాణం ఆమె చేతికొచ్చేనాటికి చెమ్మకి అడ్డంగా ప్లాస్టిక్ కాగితం వాడుతున్నారు. అంతకుముందు తండ్రి పేపర్ని నిలువునా రెండుగా చించేవాడు, తారీకు రెండు ముక్కల పైనా ఉండేది. ఒకటి అట్ట వెనక. రెండోది అట్టకీ ఫోటోకీ మధ్య, అట్ట చెమ్మ ఫోటోకి ఎక్కకుండా. పెట్టి చుట్టూ అంచులు అతికించేస్తే అది ఉందని కట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

"కొంచెం నీళ్ళు, ఒక మెత్తటి గుడ్డ ఇవ్వండి పిన్నిగారూ," అంది.

అందరూ చూస్తుండగా నేల మీద కూచుని పై అంచు తడిపింది. పిల్ల ఆమె కొంగు పట్టుకునే ఉంది. ముందుచూపాయన తలుపు వైపు ఒక అడుగు వేశాడు. కానిస్టేబులు అప్పటికే అక్కడ ఉన్నాడు. జిగురు నాని, ఫోటో అంచు నెమ్మదిగా లేచింది. కింద పసుపెక్కిన కాగితం. ఇన్‌స్పెక్టరమ్మ వంగి, పైకి వినబడేలా వారం, తారీకు చదివింది.

వదినగారు చదివినదాన్ని మళ్ళీ చదవమంది. ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ చదివింది.

"ఆ రోజు ఆయన నాతో భోంచేశారు," అంది వదినగారు. మరిది మొహంలోకి చూస్తూ గోడకి ఆనుకుంది. "మంగళవారం. బుధవారం కూడా."

కానిస్టేబులు ఆయన్ని బయటికి నడిపించాడు. జీపు ఎక్కేముందు ఆయన వెనక్కి తిరిగి, పెద్దవాళ్ళని వదిలేసి, పిల్ల వైపు చూశాడు.

జీపు పోయింది. దుమ్ము కూడా అణిగింది. వీధిలో జనం పోగవుతున్నారు.

"అమ్మా, చెయ్యి నొప్పెడుతోంది," అంది పిల్ల.

ఆమె వదల్లేదు.