వకుళ కాళ్ల దగ్గరి ట్యూబు

నేను ఒక పాత సైకిల్ ట్యూబు ముక్కను. నవ్వకండి. మండపేటలో పాలు పోసే సూరన్న సైకిల్ చక్రంలో ఆరేళ్లు ఊపిరి బిగబట్టి తిరిగినదాన్ని. పదకొండో పంక్చరు పడ్డాక షాపు మస్తాను, "ఇంక దీని పని అయిపోయిందన్నా" అని నన్ను మూల పడేశాడు. అక్కడి నుంచి అడిగి మరీ తీసుకెళ్లింది కామేశ్వరి టీచర్.

ఆవిడ నాలుగో తరగతిలో వకుళ అనే పిల్ల ఉంది. తెలివికి లోటు లేదు, కుదురే లేదు. లెక్క సగంలో ఉండగానే లేచి కిటికీ దగ్గరికి పోతుంది. అది పొగరు కాదు, ఏడీహెచ్‌డీ అని పిల్లల డాక్టరు చీటీ రాసిచ్చాడు. హెడ్‌మాస్టరు గారు దాన్ని చూసి, "మా కాలంలో దీనికి మందు బెత్తమేనండి" అన్నారు. ఇంకోసారి క్లాసులో అల్లరి చేస్తే టీసీ ఇచ్చి పంపేస్తానన్నారు.

టీచర్ నన్ను వకుళ బెంచీ ముందు కాళ్లకు అడ్డంగా బిగించి కట్టింది. "కాళ్లు ఊరుకోకపోతే దీన్ని తన్నుకోవే, చెయ్యి మాత్రం లెక్క చెయ్యాలి" అంది. అబ్బ, ఏం తన్నులు! మూడు వారాలు తిన్నాను. ఆ మూడు వారాలూ పిల్ల బెంచీ దిగలేదు. గుణకారాలు చివరిదాకా చేసింది.

అంతలో తనిఖీ వచ్చిపడింది. మన బడుల సంగతి తెలుసుగా, తనిఖీ అంటే గోడలకు చార్టులు తగిలించడం, పిల్లలకు చేతులు కట్టించడం. హెడ్‌మాస్టరు గారు పొద్దున్నే నన్ను చూసి, "ఛీ, ఈ చెత్తేంటండీ క్లాసులో?" అన్నారు. టీచర్ బతిమాలినా వినలేదు. అటెండరు నన్ను బ్లేడుతో కోసి వరండాలో చెత్తబుట్టలో పడేశాడు. పావుగంటలో వకుళ రెండుసార్లు లేచింది. దాన్నీ తెచ్చి బుట్ట పక్కనే కూర్చోబెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పంక్చరు పడ్డ రబ్బరుకు అర్థమైంది ఎమ్మే చదివిన పెద్దమనిషికి అర్థం కాదేం?

లోపల తనిఖీ అధికారి కాగితం చదువుతున్నారు. "కుదురుగా కూర్చోలేని పిల్లల కోసం తరగతిలో ఏం ఏర్పాట్లు చేశారు?"

"అలాంటి పిల్లలు మా బడిలో లేరండి" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

కలం గీరిన చప్పుడు ఆగాక కామేశ్వరి టీచర్ గొంతు వినపడింది. "ఉందండీ ఒక పిల్ల. వరండాలో కూర్చోబెట్టారు. దానికోసం చేసిన ఏర్పాటు పొద్దున్నే కోసేశారు."

"ముందే చెప్పొద్దా అమ్మా? ఎవరూ లేరని రాసేశాను. కొట్టివేతలుంటే పై ఆఫీసులో తిప్పి పంపేస్తారు" అని అధికారి సంతకం చేసి పక్క గదికి వెళ్లిపోయారు.

లోపల ఎవరో లేరంటున్నారని వకుళకు అర్థమైంది. హాజరు పిలుస్తున్నారనుకుని గబగబా గుమ్మంలోకి వెళ్లి, చెయ్యెత్తి, "ప్రెజెంట్ సార్!" అంది.

హెడ్‌మాస్టరు గారు అటెండరు వైపు తిరిగారు.

"టీసీ పుస్తకం పట్రావయ్యా."