సరిహద్దు దాకా లిఫ్ట్

ఇంటాయన రేనో హాపాలాకి తాత పిచ్చి. మిషిగన్ ఉత్తరపు కొసన, మంచుకి తప్ప అన్నిటికీ కరువున్న ఊళ్ళో, ఎమ్మెస్ చదువుతున్న అనుష్కకీ పద్మకీ మేడ మీద గది అద్దెకిచ్చినవాడు. తాత విల్యామి, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఫిన్లాండ్‌లో నల్లచొక్కాల ఫాసిస్టు దండుకి నాయకుడట. హాల్లో బూట్లతో సహా నిలువెత్తు ఫొటో. దాన్ని దాటి వంటింట్లోకి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా అనుష్కకి ఒళ్ళు మండేది.

2009 జనవరిలో ఆ మహానుభావుడి నూటపాతికో జయంతి వచ్చింది. రేనో ఊళ్ళో ఫిన్నిష్ వాళ్ళ హాల్లో సభ పెట్టాడు. తాత చరిత్ర తనే రాసి, చదివే పని అనుష్కకి అంటగట్టాడు. ఇండియా పిల్ల చదివితే తాతని ఎవరూ వేలెత్తి చూపరని ఎత్తు. అది తెలియనంత అమాయకురాలేం కాదు అనుష్క.

అందులో ఒక వాక్యం ఉంది: రష్యాని ప్రేమించేవారిని ఆయన మర్యాదగా సరిహద్దు దాకా కారులో దింపించేవారు. ఎలా అని అడిగితే రేనో కాఫీ పోసుకుంటూ నవ్వాడు. ఎర్రజెండా వాళ్ళని ఇళ్ళల్లోంచి ఈడ్చుకొచ్చి, కారులో కుక్కి, చావగొట్టి, అడవిలో రష్యా సరిహద్దు అవతలికి తోసేసేవారట. కొందరు తిరిగి రానే లేదట. వాళ్ళింట్లో పెళ్ళి భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకునే కథట అది.

అనుష్క అది చదవనంటే పద్మ భయపడింది.

"గమ్మున చదివి రాయే. ఈ చలిల రూం పోతే యాడుంటం? ఎప్పటిదో ముచ్చట మనకెందుకు?"

ఆదివారం మధ్యాహ్నం సభలో అనుష్క పుట్టుక చదివింది, పతకాలు చదివింది. ఆ వాక్యం దగ్గర కాగితం పక్కన పెట్టి, రేనో కాఫీ పోసుకుంటూ చెప్పింది చెప్పినట్టే చెప్పింది. ముందు వరసలో ఒక ముసలాయన అలవాటు కొద్దీ నవ్వాడు కూడా. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక రేనో గొంతు పెంచలేదు. మీరు ఈ దేశానికి అతిథులు, ఆ సంగతి మరిచిపోయారు, గది ఖాళీ చేయండి, బస్‌స్టాప్‌లో నేనే దింపుతాను అన్నాడు. పద్మ అనుష్కని తిట్టిపోస్తూ పెట్టెలు సర్దింది. అవి డిక్కీలో పడేసి, వెనక సీట్లో కూర్చుని ఏడుస్తోంది. బయట మంచు కురుస్తోంది. రేనో అనుష్క కోసం రెండో డోర్ తీసి పట్టుకున్నాడు.

ఆమె ఎక్కలేదు. "మీ తాతగారు కూడా ఇలాగే డోర్ తీసి పట్టుకునేవారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

రేనో గడ్డం పైకెత్తాడు. "మా తాత ఏనాడూ డోర్ పట్టుకోలేదు. ఆ పనికి మనుషులుండేవాళ్ళు."

ఆ ముఖంలో ఎంత గర్వమో! అనుష్కకి అసహ్యం వేసింది.

లోపల పద్మ ఏడుపు ఆగింది. ఒళ్ళో బ్యాగు చంకన పెట్టుకుని, వెచ్చటి కారులోంచి మంచులోకి దిగింది.

"డిక్కీ తీయమని చెప్పే," అంది అనుష్కతో. "నడుసుకుంటనే పోదాం."