చుక్కాని వంతు

"నువ్వు కూడా రా. నీకూ కాస్త గాలి మార్పు" అన్నాడు పాస్టరుగారు, ఆమె ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెని ఎక్కడికైనా రమ్మన్నాడంటే అక్కడ పొయ్యి ఒకటి ఉందని అర్థం. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. కానీ సముద్రం అన్నాడు, తెరచాప పడవ అన్నాడు. చిన్న ఆశ పుట్టింది, సరేనంది. సంఘంలోని యువతీయువకులకి ఏటా జరిగే నాయకత్వ శిక్షణ ఈసారి నాలుగ్గోడల మధ్య కాకుండా, ఒక దీవి దాకా వెళ్ళొచ్చే పడవ మీద పెట్టాలన్నది ఆయన ఆలోచన. నాయకత్వం నేర్పేది పాస్టరుగారు, పడవ నడపడం నేర్పేది కెప్టెన్, నేర్చుకుని నేర్చుకుని ఆకలితో వచ్చినవాళ్ళకి వండిపెట్టేది ఈమె. పడవెక్కాక తేలిందేమిటంటే, గాలంతా పైన డెక్కు మీదే ఉంది. వంటగది కిందుంది.

వంటగదని పేరే కానీ అది గోడలోకి తొలిచిన అలమారా అంత ఉంది. పడవ ఎటు ఒరిగితే పొయ్యి అటు ఊగుతుంది. వండే మనిషి పడిపోకుండా గోడకి ఒక బెల్టు ఉంది, దాన్ని నడుముకి తగిలించుకుని నిలబడాలి. మొదటిసారి అది పెట్టుకున్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. ఇంట్లోనూ ఉందిలే ఇలాంటిది, కాకపోతే అక్కడ కనపడదు అనుకుంది. తలెత్తితే మెట్ల పైన చదరపు కన్నం, అందులో కాస్త ఆకాశం, అప్పుడప్పుడు ఎవరివో కాళ్ళు. ఆ కన్నంలోంచే మాటలు కిందికొచ్చేవి.

ఎక్కువగా వినపడేది కెప్టెన్ గొంతు. ఆయన పడవలో ఒక పద్ధతి ఉంది. చుక్కాని కర్ర వంతుల వారీగా అందరూ పట్టుకోవాలి. కర్ర ఎవరి చేతిలో ఉంటే ఆ వంతు అయ్యేదాకా వాళ్ళదే మాట, పెద్దా చిన్నా లేదు. వాళ్ళు చెప్పిన పనిని చేసేవాళ్ళు గట్టిగా తిరిగి చెప్పి మరీ చేయాలి. ఆయనకి కాస్త చెవుడు, అందుకే పెట్టాడీ పద్ధతి అని కుర్రకారు గుసగుసలాడుకున్నారు. అదేం కాదు, సముద్రం మీద మాటని గాలి సగంలోనే ఎత్తుకుపోతుంది, తిరిగి చెప్పనంతవరకు ఆ మాట చేరనట్టే లెక్క అని కెప్టెన్ విడమరిచి చెప్పాడు. ఇక పొద్దస్తమానం అదే గోల. "తాడు లాగు." "తాడు లాగుతున్నాను." "తల వంచు." "తల వంచుతున్నాను." ఎవరైనా నోరు మెదపకుండా చేశారో, "తిరిగి చెప్పు" అని గదమాయించేవాడు.

కింద అన్నం కలియబెడుతూ వినేది ఆమె. ఈ విద్య తనకి ఎవరూ నేర్పనక్కర్లేదనుకుంది. కాఫీ అంటే తెస్తున్నా, ఇస్త్రీ అంటే చేస్తున్నా, అతిథులొస్తున్నారంటే వండుతున్నా. తిరిగి చెప్పడంలో ఆమెని మించినవాళ్ళు ఈ పడవలో లేరు. కాకపోతే ఆ ఇంట్లో వంతు మారదు, అంతే. తను కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పింది, "దైవసేవకుడి భార్య అలిసిపోయినట్టు కనపడకూడదమ్మా, సంఘం చూస్తూ ఉంటుంది" అని. అలిసిపోకూడదని అనలేదు చూడండి, కనపడకూడదంది. పెద్దావిడ, చాలా అనుభవంతో చెప్పిన మాట.

పడవ కదిలిన రోజు కెప్టెన్ అందరికీ వంతులు వేస్తూ, కోసిన పండ్ల పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ ఆమెని చూసి "ఈ అమ్మ వంతు ఎప్పుడు వెయ్యమంటారు?" అని అడిగాడు. ఆమెని కాదు, పాస్టరుగారిని. "మా ఆవిడా? ఆవిడకి ఇలాంటివి ఇష్టం ఉండవండీ" అన్నాడాయన నవ్వుతూ. ఆమె పళ్ళెం అందరికీ తిప్పింది. ఎన్ని ఇష్టం లేవో తనకి. స్కూటర్ నడపడం ఇష్టం లేదు. పై చదువు ఇష్టం లేదు. పుట్టింటికెళ్ళి నాలుగు రోజులుండటం అసలు ఇష్టం లేదు. వాటిల్లో ఒక్కటి కూడా ఆమె నోటితో చెప్పింది లేదు, అన్నీ ఆయనే కనిపెట్టి నలుగురికీ చెప్పాడు. అంత శ్రద్ధగల భర్త ఎక్కడ దొరుకుతాడు.

అసలు వాళ్ళిద్దరూ ఒకే కాలేజీలో దైవశాస్త్రం చదువుకున్నారు. ప్రసంగాల్లో మొదటి బహుమతి ఆమెది, రెండోది ఆయనది. రెండో బహుమతి మొదటి బహుమతిని పెళ్ళాడి ఇంటికి తెచ్చుకుంది. అప్పట్నుంచి శనివారం సాయంత్రం ఆమె ప్రసంగం రాస్తుంది, ఆదివారం పొద్దున ఆయన చెబుతాడు. సంఘస్తులు కళ్ళు తుడుచుకుంటారు. "అయ్యగారు మా మనసులో దూరి చూసినట్టు చెప్పారమ్మా" అని ఆమెకే చెబుతారు. ఒక్క ఆదివారం నేను చెప్పనా అని నిరుడు అడిగింది. "నీకెందుకా తలనొప్పి. రాసిస్తున్నావుగా, చాలు" అన్నాడాయన. ఆడవాళ్ళు వాక్యం చెప్పకూడదన్న నియమం వాళ్ళ సంఘంలో లేదు. పాస్టరుగారి ఇంట్లోనే ఉంది.

ఈ ప్రయాణం నుంచి రాగానే వచ్చే ఆదివారం యువజన ఆదివారం. ఆ రోజు ప్రసంగం 'చుక్కాని నేర్పిన పాఠం' అని ఆయన ముందే ప్రకటించేశాడు. పడవెక్కుతూ గుర్తు చేశాడు, "బాగా గమనించు, మంచి మంచి ఉపమానాలు దొరుకుతాయి" అని. "చుక్కాని పట్టుకుంటే ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుందండీ?" అని ఆమె అడిగితే "నేను పట్టుకుని చెబుతాగా" అన్నాడు. అది మాత్రం ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. తను ముట్టుకోని కర్ర గురించి తను రాయాలి, తను రాసింది ఆయన చెప్పాలి. ఈ ఒక్క ప్రసంగమైనా తన గొంతుతో చెప్పాలని, దానికి ముందు ఆ కర్రని ఒక్కసారి పట్టుకోవాలని ఆమెకి ఎంత బలంగా అనిపించిందో చెబితే, పొయ్యి దగ్గర బెల్టు కట్టుకున్న మనిషికి ఇదేం కోరిక అంటారు.

రెండో రోజు సాయంత్రం పాఠం, నాయకుడంటే సేవకుడు. పాస్టరుగారు నడుముకి తువ్వాలు చుట్టుకుని, డెక్కు మీద వరసగా కూర్చున్న పిల్లల పాదాలు తన చేతుల్తో కడుగుతానన్నాడు. మంచి పనే. కానీ సముద్రపు నీళ్ళతో కడిగితే ఒంటికి జిగటగా ఉంటుందని ఆయనకి తోచింది. ఇద్దరు కుర్రాళ్ళు బకెట్టుతో కిందికొచ్చి ఆమె పక్కనున్న చేతి పంపు కొట్టడం మొదలుపెట్టారు. "బాబూ, అవి తాగే నీళ్ళు" అంది ఆమె. పైనుంచి పాస్టరుగారి గొంతు వచ్చింది, "ఒక్క బకెట్టే కదా, ఎందుకంత కంగారు." ఒక్కొక్కరికి కొత్త నీళ్ళు కావాలి కదా మరి, కడిగిన నీళ్ళలో ఇంకొకరి కాళ్ళు ఎలా పెట్టమంటాడు. పంపు కిర్రుకిర్రుమంటూనే ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, బెల్టు విప్పి పైకెళ్తే గిన్నె బోర్లాపడుతుంది. పైన ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు, ప్రార్థన జరిగింది, పాట జరిగింది. అన్నీ అయ్యాక కన్నంలోంచి తడి తువ్వాళ్ళు ఒక్కొక్కటే ఆమె కాళ్ళ దగ్గర పడ్డాయి, ఉతకడానికి.

మర్నాడు పొద్దున పంపు కొడితే గాలి దగ్గింది. నీళ్ళు లేవు.

కెప్టెన్ ట్యాంకు మూత తీసి చూశాడు. ఆపదకని దాచిన క్యాన్లు రెండున్నాయి, గొంతు తడుపుకోవడానికి సరిపోతాయి, అంతకన్నా ముందుకెళ్ళడం కుదరదు, దీవి దాకా వెళ్ళాలన్న ఆశ వదులుకోండి, రెండు రోజులూ తీరం దగ్గర్లోనే తిరిగాం కాబట్టి మధ్యాహ్నానికి రేవు చేరతాం, పడవ వెనక్కి తిప్పుతున్నాను అన్నాడు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. "ఇంత నీళ్ళు ఏమయ్యాయి?" అని అడిగాడు కెప్టెన్. పాదాలు కడిగిన సంగతి ఆయనకి తెలుసు, ఏ నీళ్ళతోనో తెలియదు.

పాస్టరుగారు చిరునవ్వు నవ్వి, "మా ఆవిడకి గిన్నెలు కడిగేటప్పుడు చెయ్యి కాస్త ధారాళం" అన్నాడు.

ఆమె మెట్ల మీద సగం పైకి, సగం కిందికి ఉంది. గిన్నెలన్నీ తాడు కట్టిన బకెట్టుతో సముద్రపు నీళ్ళు తోడి తోమింది. ఉప్పుకి చేతులు పగిలి, నిమ్మకాయ పిండితే ప్రాణం లేచిపోతోంది. కడిగించుకున్న పాదాలన్నీ అక్కడే ఉన్నాయి, ఏ పాదమూ కదల్లేదు. వాళ్ళలో ఒకమ్మాయి ఉంది, ప్రతి పాఠానికీ ఏదో ఒక ప్రశ్న వేస్తుందని పాస్టరుగారే ప్రశ్నల పిల్ల అని పేరు పెట్టాడు. ఆ అమ్మాయి ఆమె చేతుల వైపు చూసి, తన కాళ్ళ వైపు చూసుకుని, తల దించుకుంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ ఇలాంటప్పుడు మింగేసేది. సంఘం చూస్తూ ఉంటుంది కదా. చూస్తోంది కూడా. చూడనీ, ఇవాళ దీన్ని చూడనీ అనుకుంది.

"కాదండీ" అంది. "గిన్నెలు నేను ఉప్పునీళ్ళతో తోమాను. తాగే నీళ్ళు మీరు కాళ్ళకి పోశారు."

పాస్టరుగారు దగ్గరికొచ్చి, నవ్వు చెదరకుండా, పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "పిల్లల ముందు నా పరువు తీస్తావా. పోనీలే, అయిందేదో అయింది. తల పగిలిపోతోంది, కాస్త కాఫీ పెట్టు."

"దేంతో పెట్టమంటారు?"

కాఫీ లేదు, అన్నం లేదు, కడగడానికి గిన్నె లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె ముందు వంటన్నది లేని ఒక పూర్తి పగలు పరుచుకుని ఉంది. కిందికెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చి ప్రశ్నల పిల్ల చేతికిచ్చి, "పంచు తల్లీ" అంది. కొక్కేనికి వేలాడుతున్న బెల్టుని గోడకి సర్దేసింది. పైకొచ్చి తిన్నగా కెప్టెన్ దగ్గరికెళ్ళింది.

"నా వంతు ఎప్పుడండీ?"

కెప్టెన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె గట్టిగా మళ్ళీ అడిగింది.

"మీకు ఇష్టం ఉండదన్నారుగా పాస్టరుగారు."

"నన్ను అడగలేదుగా మీరు."

"తప్పే" అన్నాడు కెప్టెన్. "అందరితో పాటు మీకూ వంతులున్నట్టే. ఒక్కటీ వాడుకోలేదు. అన్నీ కలిపి ఇప్పుడు వాడుకుంటే రేవు దాకా వస్తాయి." అని పక్కకి జరిగాడు.

ఆమె కూర్చుంది. కర్ర ఆమె అనుకున్నట్టు లేదు. నున్నగా, వెచ్చగా, బతికున్నదానిలా కాస్త లాగుతూ ఉంది. ఎడమకి తోస్తే పడవ ముక్కు కుడికి తిరిగింది, కంగారుపడి ఇటు లాగితే అటు పోయింది, పిల్లలు తలలు వంచి కిసుక్కున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "కర్రని చూడకమ్మా, వెళ్ళాల్సిన చోటుని చూడు" అన్నాడు కెప్టెన్. చూసింది. కాసేపటికి చెయ్యి దానంతటదే సర్దుకోవడం మొదలుపెట్టింది. "తెరచాప తాడు కొంచెం లాగు నాన్నా" అని ఒక కుర్రాడితో అంది, అలవాటు కొద్దీ బతిమాలుతున్నట్టు. "లాగుతున్నాను" అని వాడు గట్టిగా అరిచి లాగాడు. పడవ ఒక పక్కకి ఒరిగి పరుగందుకుంది. ఎదురుగాలికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికే కాదు, సంతోషానికి కూడా. ఇన్నాళ్ళూ ఇది తనకి ఇష్టం లేదట.

మధ్యాహ్నం దాటాక రేవు గోడ కనపడింది. గట్టు మీద సంఘపెద్దలు వరసగా నిలబడి ఉన్నారు, ముందే తిరిగొస్తున్నామని కెప్టెన్ రేడియోలో కబురు చేశాడు. పాస్టరుగారు కిందికెళ్ళి తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. రేవులోకి వెళ్ళేటప్పుడు చుక్కాని దగ్గర ఆయన ఉండాలని, అప్పుడు ఫొటో తియ్యాలని మొదటి రోజే అనుకున్నది.

"ఇక లే" అన్నాడు. "పెద్దలంతా చూస్తున్నారు. నేను పట్టుకోవాలి."

"నా వంతు ఇంకా అవలేదండీ."

ఆయన కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ సముద్రం వైపు చూశాడు. రేవు నోటి దగ్గర గాలి విసురుగా తిరిగింది, తెరచాప పొంగింది, పడవ ఉండాల్సినదానికన్నా వేగంగా గోడ వైపు వెళ్తోంది. తెరచాప తాడు చుట్టి ఉన్న మేకు పక్కనే తెల్ల చొక్కా నిలబడి ఉంది.

"ఏమండీ, ఆ తాడు వదలండి."

ఆయన కదల్లేదు. పిల్లలందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. వాళ్ళలో తిరిగి చెప్పనివాళ్ళు ఎవరూ లేరు. ఆయన పెదాలు కదిలాయి.

"వినపడలేదండీ" అంది ఆమె.

"తాడు వదులుతున్నాను" అన్నాడు పాస్టరుగారు, గట్టు మీది పెద్దలకి కూడా వినపడేలా. వదిలాడు. తెరచాప చప్పబడింది, పడవ నెమ్మదించి రేవులోకి జారింది. పెద్దలు చేతులూపారు. ప్రశ్నల పిల్ల కట్టు తాడు పట్టుకుని ముందుకి పరిగెత్తింది.

ఆయన గట్టు వైపు చెయ్యి ఊపుతూనే ఆమె మీదికి వంగాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడదాం నీ సంగతి" అని, అంతలోనే మెత్తబడి, "ఒకందుకు మంచిదేలే. చుక్కాని నువ్వే పట్టావు కాబట్టి ఆదివారానికి ఇంకా బాగా రాస్తావు" అన్నాడు.

అందుకే ఆయన పాస్టరు అయ్యాడు. ఏదీ పోనివ్వడు, పోయిన పరువుని కూడా.

"రాస్తానండీ. ఆదివారం నేనే చెబుతాను కూడా" అంది.

ఊపుతున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. పడవ ఇంకా గట్టుకి తాకలేదు. కర్ర ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"తిరిగి చెప్పండి" అంది.